"ది నేమ్ ఆఫ్ ది రోజ్": మొదటి వంద పేజీలు దాటినవాళ్లు చెప్పండి

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. ఉంబెర్టో ఎకో రాసిన ఈ నవల మూడోసారి మొదలుపెట్టాను. మూడుసార్లూ ఒకేచోట ఆగిపోయాను. మొదటి రోజు చర్చి ద్వారం మీది శిల్పాల వర్ణన వస్తుంది కదా, అక్కడ. సింహాసనం మీద కూర్చున్న దేవుడు, చుట్టూ నాలుగు జంతువులు, ఇరవైనలుగురు వృద్ధులు, కింద నరకంలో పాపులు, ఇలా పేజీలకు పేజీలు. అంతకుముందు గుర్రం ఘట్టం ఎంత బాగుందో! మంచులో గుర్తులు, విరిగిన కొమ్మలు, ముళ్లకు చిక్కిన నల్లటి వెంట్రుకలు చూసి, కంటితో చూడని గుర్రం ఎటు పోయిందో, దాని పేరేమిటో కూడా మఠానికి వచ్చిన తెలివైన ఫ్రాన్సిస్కన్ సన్యాసి విలియం చెప్పేస్తాడు. ఆ ఊపులో కూర్చుంటే ఈ వర్ణన అడ్డొచ్చింది. హత్య కోసం చదువుతున్నదాన్ని, మధ్యలో పోప్‌కీ చక్రవర్తికీ గొడవేమిటో తలకెక్కడం లేదు. వదిలేయమంటారా, ఓపిక పట్టమంటారా?

పాతపుస్తకాలు:
ఓపిక పట్టండి అమ్మా. మీరు ఆగినచోట చాలామంది ఆగారు. ఇటాలియన్‌లో 1980లో వచ్చింది, విలియం వీవర్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1983లో. అచ్చుకు ముందే స్నేహితులూ, ప్రచురణకర్తల దగ్గరివాళ్లూ ఆ మొదటి వంద పేజీలు తగ్గించమన్నారని ఎకోనే తర్వాత రాసుకున్నాడు. ఆయన ఒప్పుకోలేదు. కొండ ఎక్కేవాడు కొండకు తగ్గట్టు ఊపిరి పట్టడం నేర్చుకోవాలి, ఈ మఠంలో ఏడు రోజులు ఉండాలనుకునేవాడు మఠం నడకకు అలవాటు పడాలి అన్నది ఆయన వాదన.

నాకు పనికొచ్చిన రెండు సంగతులు చెప్తాను. ఒకటి, వేళలు. అధ్యాయాలకు పెట్టిన మాటిన్స్, ప్రైమ్, టెర్స్, వెస్పర్స్, కాంప్లిన్ అన్నవి ప్రార్థన గంటలు. మాటిన్స్ అంటే ఇంకా చీకటి ఉండగానే, వెస్పర్స్ సాయంసంధ్య, కాంప్లిన్ పడుకునే ముందు. ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి. ఎవరు ఏ వేళకు ప్రార్థనలో కనిపించలేదు అన్నదే ఈ కథలో పెద్ద ఆధారం.

రెండోది ఆ గొడవ. కథ జరిగేది 1327 నవంబరు చివర, ఉత్తర ఇటలీ కొండల్లో పేరు చెప్పని ఒక బెనెడిక్టైన్ మఠంలో. అప్పటి పోప్ 22వ జాన్ ఉండేది రోమ్‌లో కాదు, ఫ్రాన్స్ వైపు అవిన్యాన్‌లో. ఏసుక్రీస్తుకూ ఆయన శిష్యులకూ సొంత ఆస్తి లేదని ఫ్రాన్సిస్కన్ సన్యాసులు అన్నారు. ఆ మాట పాషండమని, అంటే మతానికి విరుద్ధమని, పోప్ 1323లో తీర్పు ఇచ్చాడు. ఎందుకంత కోపం? క్రీస్తుకే ఆస్తి లేకపోతే చర్చికి ఇన్ని భూములూ మేడలూ ఎక్కడివని జనం అడుగుతారు కదా. పోప్‌తో పడని బవేరియా లూయీ చక్రవర్తి ఫ్రాన్సిస్కన్ల వైపు చేరాడు. విలియం మఠానికి వచ్చిందే ఈ రెండు పక్షాల మధ్య మాటలు నడపడానికి. హత్యల గోల మధ్యలో తగులుకుంది.

చిన్ని బెజవాడ:
నేను సినిమా ముందు చూశాను, 1986ది, షాన్ కానరీ చేసింది. ఆ తర్వాతే పుస్తకం పట్టుకున్నాను కాబట్టి నాకు దారి తెలుసు. మాటిమాటికీ వచ్చే లాటిన్ దగ్గర మాత్రం బాగా ఇబ్బంది పడ్డాను. అనువాదం కూడా ఇవ్వకుండా వాక్యాలకు వాక్యాలు వదిలేశాడు. మీరంతా ఏం చేశారు?

తాటాకు:
చిన్నీ, మా ఊళ్లో పురాణం చెప్పేటప్పుడు శ్లోకం చదివి వెంటనే తాత్పర్యంలోకి దిగేవారు. శ్లోకం అర్థమైనవాళ్లు పదిమందిలో ఒకరో ఇద్దరో. అయినా ఎవరూ లేచి వెళ్లిపోయేవారు కాదు, ఆ నాదం విన్నాకే కథలో కూర్చున్నట్టు ఉండేది. నేను ఈ లాటిన్‌ను అలాగే చదివాను. కథ చెప్పే అడ్సో కుర్రవాడు, విలియం వెంట వచ్చిన పద్దెనిమిదేళ్ల శిష్యుడు. అతనికీ సగం సంగతులు అప్పుడు అర్థం కాలేదు. ముసలితనంలో మెల్క్ మఠంలో కూర్చుని రాస్తున్నాడు. అతను తికమక పడ్డచోట మనమూ తికమక పడితే తప్పేమీ లేదు.

వేదిక నిర్వాహకులు:
ఇకపై ముగింపు గురించి రాసేవాళ్లు మొదటి వాక్యంలోనే "ముగింపు ఉంది" అని చెప్పండి. గోదారిగట్టు గారు ఇంకా చదువుతున్నారు.

కందిచేను:
ముగింపు ఉంది. చదవనోళ్లు ఇక్కడ ఆగండి.

నేను పోలీసు శాఖలో క్రైమ్ సైడు చాలా ఏండ్లు పనిచేసి రిటైరైన. డిటెక్టివ్ నవలలు నాకు పడవు. ఎందుకంటే వాటిల్ల ప్రతి ఆధారం ఒకదానికొకటి అతికినట్టు కూర్చుంటది. అసలు కేసు అట్ల ఉండదు. ఈ పుస్తకం ఒక్కటే నాకు నిజం అనిపించింది.

చూడండి. మొదట చనిపోయిన అడెల్మో వడగండ్ల రాత్రి పడిపోయిండు. రెండోవాడు వెనాన్షియస్ పందుల నెత్తురు పోసిన జాడీల తలకిందులుగ దొరికిండు. మూడోవాడు బెరెంగర్ స్నానపు తొట్టిల. బైబిల్ చివరి పుస్తకంల ఏడు బూరలు ఊదుతరు: మొదటిదానికి వడగండ్లు, రెండోదానికి సముద్రం నెత్తురైతది, మూడోదానికి నీళ్లు విషమైతయి. ముసలి అలినార్డో ఈ వరుస చెప్పంగనే విలియం దాన్ని పట్టుకుంటడు. హంతకుడు ఈ గ్రంథం ప్రకారం చంపుతున్నడు అనుకుంటడు. నాలుగోవాడు సెవెరినస్ తల మీద నక్షత్రగోళం యంత్రంతో కొట్టిన దెబ్బ, నాలుగో బూరకు నక్షత్రాలకు దెబ్బ తగులుతది. మళ్ల సరిపోయింది!

చివరకు తేలింది ఏమి? అడెల్మోది ఆత్మహత్య. వెనాన్షియస్ విషం పూసిన పుస్తకం చదివి చచ్చిండు, ఆ శవాన్ని చూసి భయపడ్డ బెరెంగర్ తన మీదికి రాకుండ జాడీల పడేసిండు. బెరెంగర్ ఒంట్ల మంట తట్టుకోలేక తనే నీళ్లల్ల దిగిండు. సెవెరినస్‌ను చంపినోడు వేరే, చేతికి అందింది పట్టుకుని కొట్టిండు. వరుసే లేదు. లేని వరుస పట్టుకుని పోయి విలియం అసలు మనిషి ముందుకు చేరిండు. ఆ సంగతి ఆయనే శిష్యునితోటి ఒప్పుకుంటడు.

సర్వీసుల నేను ఒక కేసుల ఒకే ఊరి మనుషులు, ఒకే తీరు అనుకుని నెలలు తిరిగిన. ఆ తీరు నా తలకాయల ఉన్నది, ఊళ్లె లేదు. తిరుగుడులనే ఇంకెవరో మాట జారిండ్రు, కేసు తేలింది. అందరు నన్ను మెచ్చుకున్నరు. విలియం చివర బాధపడ్డ తీరు చదివినప్పుడు ఆ రోజు గుర్తొచ్చింది.

అద్దెపుస్తకం:
ముగింపు ఉంది.

కందిచేను గారి అనుభవం మీద గౌరవంతోనే అంటున్నాను, నేను ఒప్పుకోను. రోజుకు పావలా అద్దె కట్టి డిటెక్టివ్ నవలలు చదువుతూ పెరిగినవాణ్ని. ఆ నవలల్లో పాఠకుడికీ రచయితకూ ఒక ఒప్పందం ఉంటుంది: ఆధారాలన్నీ నా ముందు పెడతావు, నేను ఆలోచిస్తాను, చివర ఆలోచనే గెలుస్తుంది. ఐదువందల పేజీలు నడిపించి "ఆలోచన తప్పు, అయినా దొరికాడు" అంటే నన్ను మోసం చేసినట్టే. విలియంకు బాస్కర్‌విల్ అనే ఇంటిపేరు పెట్టి, షెర్లాక్ హోమ్స్‌ను గుర్తుచేసి, గుర్రం ఘట్టంతో నమ్మకం కలిగించి, చివర ఆ నమ్మకాన్నే కాల్చేశాడు.

సంపెంగ:
ముగింపు ఉంది.

అద్దెపుస్తకం గారూ, ఆధారాలు పెట్టలేదని మాత్రం అనకండి. అన్నీ పెట్టాడు. అద్దం తలుపు సంగతి గుర్తు చేసుకోండి. గ్రంథాలయంలో రహస్యపు గది తెరవాలంటే "నాలుగులో మొదటిదీ ఏడోదీ నొక్కాలి" అని సంకేతం. నాలుగు వస్తువుల్లో ఏడోది ఎక్కడుంటుంది? ఇద్దరూ రోజుల తరబడి బుర్ర బద్దలుకొట్టుకుంటారు. ఒక రాత్రి గుర్రాలశాలలో అడ్సోకు మఠంలోని సాల్వటోరే అనే సన్యాసి వంకర లాటిన్ గుర్తొచ్చి నవ్వొస్తుంది. అతను "గుర్రంలో మూడోది" అన్నాడట, మూడో గుర్రం అనబోయి. అంటే గుర్రం అనే మాటలో మూడో అక్షరం అవుతుంది కదా అని అడ్సో సరదాగా అంటాడు. విలియం ఎగిరి గంతేస్తాడు. నాలుగు అంటే వస్తువులు కావు, మాట! లాటిన్‌లో నాలుగు "క్వాతువోర్" (quatuor), లాటిన్ లిపిలో రాస్తే సరిగ్గా ఏడు అక్షరాలు. మనం "నాలుగులో మొదటిది నా" అన్నట్టు. అద్దం పైన చెక్కిన వాక్యంలో ఆ మాట మొదటి అక్షరం, ఏడో అక్షరం నొక్కితే తలుపు తెరుచుకుంటుంది.

ఆ వాక్యం ఏమిటో చూశారా? సింహాసనాల మీద ఇరవైనలుగురు. గోదారిగట్టు గారు మూడుసార్లూ ఆగిపోయిన ఆ ద్వారం మీద కూర్చున్నది ఎవరు? ఆ ఇరవైనలుగురు వృద్ధులే. మొదటి రోజే రాతిలో చెక్కి మన కళ్ల ముందు పెట్టాడు, మనమే పేజీలు తిప్పేశాం. నేను రెండోసారి చదివినప్పుడు గానీ ఇది పట్టుకోలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంతమంది మాట్లాడారు, ఆ అమ్మాయి గురించి ఒక్కరూ అనలేదు. రాత్రిపూట వంటశాలకు వచ్చే పల్లెపిల్ల. మఠంలో సరుకుల పెద్ద రెమిజియో ఆకలిని అడ్డం పెట్టుకుని ఆమెను రప్పిస్తాడు, తిండి ఇచ్చి పంపిస్తాడు. అడ్సోకు జీవితంలో తెలిసిన ఒకే ఒక్క ప్రేమ ఆమెతో. చివరికి నల్లపిల్లి, కోడిపుంజు దొరికాయని మంత్రగత్తె అన్నారు. విచారణాధికారి బెర్నార్డ్ గి పట్టుకుపోయాడు. విలియం అంత తెలివిగలవాడు ఆమె కోసం ఒక్క మాట అడ్డుపడలేదు, ఆమె అప్పటికే కాలిపోయినట్టే అనుకొమ్మన్నాడు శిష్యుడితో. ఆమె పేరు మనకు తెలియదు, అడ్సోకూ తెలియదు. ఆమె మాట్లాడే భాష కూడా అతనికి అర్థం కాదు. గుర్రం పేరు చూడకుండానే చెప్పిన గురువుకు ఈ మనిషి పేరు అడగాలని తోచలేదు. నాకు విలియం మీద ఉన్న గౌరవం అక్కడ సగం పోయింది. సినిమాలో ఆమెను బతికించారు. చూడటానికి హాయిగానే ఉంది, కానీ 1327లో ఒక పేద పల్లెపిల్లను ఎవరు బతకనిస్తారు? పుస్తకమే నిజం చెప్పింది.

చిన్ని బెజవాడ:
సంపెంగ అక్కా, పేరు విషయం నాకు తట్టనే లేదు. పుస్తకం పేరులోని గులాబీ ఆమేనా?

సంపెంగ:
కొందరు అలాగే చదువుతారు చిన్నీ. ఎకో ఖాయంగా ఏదీ చెప్పలేదు, గులాబీకి అప్పటికే ఎన్నో అర్థాలు ఉన్నాయి కాబట్టి ఆ మాట నచ్చిందన్నాడు. చివరి లాటిన్ పాదం భావం మాత్రం ఇది: ఒకనాటి గులాబీ పేరుగా మాత్రమే మిగిలింది, మన దగ్గర ఉన్నవి వట్టి పేర్లే. ఆమె విషయంలో ఆ పేరు కూడా మిగల్లేదు.

తాటాకు:
ముగింపు ఉంది.

నాకు ఈ నవలలో ప్రాణం జోర్జే. గుడ్డి ముసలి సన్యాసి. అర్జెంటీనా రచయిత బోర్హెస్‌ను గుర్తుచేసే పేరు. బోర్హెస్ కూడా చూపు పోయినవాడు, జాతీయ గ్రంథాలయానికి అధిపతిగా చేసినవాడు. అరిస్టాటిల్ కావ్యశాస్త్రంలో విషాదం గురించిన భాగం మనకు దక్కింది. హాస్యం గురించిన రెండో భాగం పోయిందంటారు. దాని ఆఖరి ప్రతి ఈ మఠంలో ఉందన్నది ఎకో కల్పన. జోర్జ్ దానికి విషం పూస్తాడు. ఏ చిల్లర కవో నవ్విస్తే ఆయనకు భయం లేదు, అరిస్టాటిలంతటివాడు నవ్వు గొప్పదని శాస్త్రం రాస్తేనే భయం. నవ్వినవాడికి నరకం భయం పోతుంది, భయం పోతే దేవుడెందుకు అంటాడు.

నాట్యశాస్త్రం చదువుకున్నవాడిగా నాకు ఇది గుండెను పిండేసింది. భరతుడు హాస్యాన్ని రసాల్లో ఒకటిగా నిలబెట్టి, నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు రకాలుగా విడదీసి, ఎవరు ఎలా నవ్వుతారో కూడా చెప్పాడు. జోర్జ్ ఏ శాస్త్రాన్ని చూసి వణికాడో అలాంటిది మన దగ్గర భద్రంగా ఉంది.

ఇంకొకటి. విషానికి చనిపోయిన పాఠకులు వేలు నాలుకకు తడుపుకుని పేజీ తిప్పడం వల్లే చచ్చారు. పాతబడి పేజీలు అతుక్కున్నాయి, తడి చేయక తప్పదు. వెయ్యిన్నొక్క రాత్రుల్లో దూబాన్ వైద్యుడి కథలో రాజు చచ్చిందీ ఇలాగే. నేను తాటాకు ప్రతులతో కొంతకాలం పనిచేశాను. ఆకును రెండు చేతులతో అంచులు పట్టుకుని తాడు మీద జరుపుతాం, వేలు తడపం. కాగితం వచ్చాకే ఆ అలవాటు. హత్య ఆయుధాన్ని చదివే అలవాటులోనే దాచాడు ఎకో. అంతకన్నా గొప్ప ఊహ నేను మరే నవలలోనూ చూడలేదు.

పాతపుస్తకాలు:
ముగింపు ఉంది.

తాటాకు గారూ, మీరు ఇంత చెప్పాక గుణాఢ్యుడు గుర్తు రాకుండా ఎలా ఉంటాడు! శాతవాహన రాజు కాదన్నాడని బృహత్కథను అడవిలో కూర్చుని ఒక్కొక్క ఆకూ చదువుతూ నిప్పుల్లో వేశాడు. చుట్టూ జంతువులు మేత మానేసి విన్నాయంటారు. ఏడు లక్షల శ్లోకాల్లో ఆరు లక్షలు పోయాక రాజు పరుగెత్తుకొచ్చాడు. అక్కడ రాసినవాడే కాల్చాడు, ఇక్కడ కాపలావాడు. జోర్జ్ ఆ పేజీలు చింపి నోట్లో కుక్కుకుంటాడు చూడండి, ఆ పెనుగులాటలో దీపం పడి గ్రంథాలయం అంటుకుంటుంది, మఠమంతా మూడు రోజులు మండుతుంది. ఆ పేజీలు నేను ఒకేసారి చదవలేకపోయాను. పుస్తకం మూసి బయట నడిచి వచ్చి మళ్లీ తీశాను.

నేను కొన్న మొదటి ప్రతి ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. చివరి పది పన్నెండు పేజీలు లేవు. మంటలు మొదలయ్యేచోట ఆగిపోయింది. ఇంకో ప్రతి దొరికేదాకా ఎవరు బతికారో, ఏ పుస్తకం మిగిలిందో తెలియక చాలా టెన్షన్ పడ్డాను.

అద్దెపుస్తకం:
సంపెంగ గారి అద్దం వివరణ చదివి నిన్న రాత్రి ఆ అధ్యాయం మళ్లీ తీశాను. ఆధారాలు పెట్టలేదన్నట్టుగా నేను మాట్లాడింది తప్పే, ఒప్పుకుంటున్నాను. గ్రంథాలయం పటం కూడా అంతే. యాభై ఆరు గదులు, ఒక్కో గది తలుపు మీద ఒక వాక్యం, ఆ వాక్యాల మొదటి అక్షరాలు కలిపితే దేశాల పేర్లు. లోపల దారి తప్పినవాళ్లు బయటి నుంచి గోడలూ కిటికీలూ లెక్కపెట్టి లోపలి పటం గీస్తారు. అది నూటికి నూరుపాళ్లు ఆలోచన గెలిచిన చోటే. అయినా హంతకుడి విషయంలో నా మాట మీదే ఉన్నాను. చిక్కుగది విప్పినవాడు మనిషిని విప్పలేకపోయాడు.

కందిచేను:
ఆ చివరి మాట నేను ఒప్పుకుంట తమ్ముడూ. గోడ కదలదు, లెక్కపెట్టొచ్చు. మనిషి అట్ల కాదు. జోర్జ్ కూడ విలియం వరుస సంగతి చెవిన పడ్డంక, ఇదంత దేవుడే నడిపిస్తున్నడని నమ్ముడు మొదలువెట్టిండు. అంటే దర్యాప్తు చేసేటోడి తప్పు ఊహ హంతకుని తలకాయలకు పోయి కూసున్నది. ఇది రాసినాయన విశ్వవిద్యాలయంల సంకేతాల శాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ అంటే నమ్మబుద్ధి కాదు, ఠాణాల కూసున్నోడు రాసినట్టున్నది.

రైన్ ఒడ్డున:
నేను జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటాను. సినిమాలో లోపలి దృశ్యాలు చాలావరకు తీసింది ఇక్కడికి దగ్గర్లోని ఎబర్‌బాఖ్ మఠంలో, రైన్ ఒడ్డు ద్రాక్షతోటల మధ్య. పన్నెండో శతాబ్దంలో పెట్టిన సిస్టెర్సియన్ మఠం అది. బయట కనిపించే ఆ పెద్ద కట్టడం మాత్రం రోమ్ దగ్గర వేసిన సెట్.

పోయిన చలికాలం వెళ్లాను. సన్యాసులు పడుకునే పొడవాటి హాలు ఉంది, వరుసగా పొట్టి స్తంభాలు, పైన కమానులు, గోడ మీద ఒక్క బొమ్మ లేదు. కోటు వేసుకునే అరగంట నిలబడలేకపోయాను, రాయి చల్లదనం కాళ్లలోంచి పైకి ఎక్కింది. పుస్తకంలో చలికి వేళ్లు కొంకర్లుపోయి కలం పట్టుకోలేని లేఖకుల గురించి చదివినప్పుడు ఏదో వర్ణన అనుకున్నాను. ఆ వేళ్లతోనే నాలుగైదు గంటలు రాశారు. అక్కడి నుంచి వచ్చాక అడెల్మో, వెనాన్షియస్‌లను శవాలుగా తలుచుకోలేకపోతున్నాను. ఒకడు అంచుల మీద బొమ్మలు వేసేవాడు, ఒకడు గ్రీకు నుంచి అనువాదం చేసేవాడు. ఇద్దరూ పనిమంతులు.

గోదారిగట్టు:
మూడు వారాలైంది. పూర్తి చేశాను. "ముగింపు ఉంది" అన్నవన్నీ ఇప్పుడే చదివాను.

ద్వారం దగ్గరకు మళ్లీ వెళ్లాను. ఈసారి హడావుడి పడలేదు, రోజుకు రెండు పేజీలు, పైకి చదువుకుంటూ. పైకి చదివితే ఆ వర్ణన తోమాల కట్టినట్టు ఉంది. ఇరవైనలుగురు వృద్ధులు వచ్చినచోట ఏ గుర్తూ పెట్టుకోలేదు, తర్వాత అద్దం దగ్గర వాళ్లే ఎదురయ్యారు. సంపెంగ గారు చెప్పింది ముందే చదవనందుకు సంతోషం, నా అంతట నేనే అరిచాను. పక్కగదిలోంచి మా అత్తయ్యగారు ఏమైందని వచ్చారు.

ఆ అమ్మాయి విషయంలో నేను సంపెంగ గారి వైపు. అద్దెపుస్తకం గారితోనూ కొంత. కానీ నన్ను పట్టుకున్నది చివరి అధ్యాయం. ఎన్నో ఏళ్ల తర్వాత అడ్సో ఆ శిథిలాల్లోకి వెళ్లి, వానకు తడిసి, ఎండకు ఎండిన తోలుకాగితం ముక్కలు ఏరుతాడు. ఒకచోట సగం పేజీ, ఒకచోట ఒక వాక్యం, ఒకచోట వట్టి పేరు. రెండు సంచులు నింపుకుంటాడు. అవి మోయడం కోసం పనికొచ్చే వేరే సామాను పారేస్తాడు. తర్వాత జీవితమంతా వాటినే చదువుకుంటాడు.

పాతపుస్తకాలు గారూ, చివరి పేజీలు లేని మీ మొదటి ప్రతి ఇంకా ఉందా? ఉంటే పారేయకండి. రైన్ ఒడ్డున గారూ, వీలైతే ఆ హాలు ఫొటోలు పెట్టండి, ఆ స్తంభాల మధ్య బల్లలు ఎలా వేసుకుని ఉంటారో చూడాలని ఉంది.

పాతపుస్తకాలు:
ఉందమ్మా. రెండు ప్రతులూ పక్కపక్కనే ఉన్నాయి.